పెద్దకర్మ నాటి గాయం

పశువైద్యం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: డాక్టరమ్మగారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన పెళ్లిళ్లకీ, దేవుడి ఊరేగింపులకీ గుర్రాన్ని తిప్పేవారు. ఉన్నది ఒక్కటే గుర్రం. తెల్లది, ఆడది, తొమ్మిదేళ్లుంటాయి. పేరు ముత్యం. కార్తీకమాసం మొదట్లో మా ఆయన పోయారండి. ఛాతీలో నొప్పన్నారు, అమలాపురం తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. నలభై ఆరేళ్లు.

పదకొండో రోజు పెద్దకర్మకి ఇంటిముందు షామియానా వేశాం. ముత్యాన్ని పెరట్లో బాదంచెట్టుకి నేనే కట్టాను. వంటవాళ్లు గుండిగలు దించుతుంటే ఒకటి జారి సిమెంటు గచ్చు మీద పడింది. ఆ చప్పుడికి తాడు తెంపుకుని చేపల చెరువు గట్టెక్కి పరుగెత్తి ముళ్లకంచెలో పడింది. ఎడమ వెనక కాలు, మోకాలి కింద అరచేయంత మేర చర్మం లేచిపోయింది. లోపల తెల్లగా ఎముక కనపడింది. కాంపౌండరుగారొచ్చి కుట్లు వేశారు, ఐదో రోజుకి ఊడిపోయాయి. మా మరిది మెడికల్ షాపులో మనుషులకిచ్చే డైక్లోఫెనాక్ తెచ్చి రెండు రోజులు సూది చేయించాడు. తర్వాత ఎవరో చెప్పారని పసుపూ సున్నం పెట్టాను. ఇప్పటికి నెలా పది రోజులైంది. గాయం మానకపోగా ఎర్రటి మాంసం ఉబ్బుకొచ్చింది, తగిలితే చాలు నెత్తురు. కొబ్బరిచెట్లకి తెచ్చిన మైలుతుత్తం చల్లితే మాడిపోతుందంటే రెండుసార్లు చల్లాను. రెండుసార్లూ ముత్యం వణికిపోయింది. ఇక నాకు చేతులు రాలేదు.

ఏడాది తిరిగేదాకా నేను గడప దాటకూడదని మా ఆడపడుచు అంటుంది. ‘దాని మెడ మీద సుడి చూడు, ఇంటాయన్ని మింగిన గుర్రం, అమ్మిపారెయ్’ అని పోరు. అందుకని అందరూ పడుకున్నాక రాత్రి పదింటికి నేనొక్కదాన్నే పాకలోకి వెళ్లి, సెల్‌ఫోను లైటు నోట కరుచుకుని కట్టు మారుస్తున్నాను. ఆయన చొక్కా తొడుక్కుని వెళ్తే కదలకుండా నిలబడుతోంది. అలా వేసుకోవచ్చా? ఉలవలు సగం వదిలేస్తోంది. పడుకోవడం నేను చూడలేదు. రోడ్డు మీద టీవీఎస్ బండి చప్పుడైతే చెవులు నిక్కించి సకిలిస్తుంది, ఆయనది టీవీఎస్సే. బెంగ పెట్టుకుందా? నేను ఏడుస్తూ కట్టు కడితే దానికి మంచిది కాదా? మాకొక్కడే అబ్బాయి, పదో తరగతి. నాన్న పోయిన దగ్గర్నుంచి పాక వైపు చూడడు. తాడు నేను సరిగ్గా కట్టలేదేమోనండి. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

– ఒక సోదరి, కోనసీమ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మందుల సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆ రాత్రి పని మానండి. చీకట్లో ఒక్కరే, నోట్లో ఫోను పెట్టుకుని, నొప్పితో ఉన్న గుర్రం వెనక కాలి దగ్గర కూర్చోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ముత్యం మంచిదే, మీరంటే ప్రాణమే. కానీ కట్టు అంటుకుపోయిన చోట ఒక్కసారి చురుక్కుమంటే అది ఆలోచించి తన్నదు, తన్నేస్తుంది. మీ అబ్బాయికి ఇప్పుడు మీరొక్కరే ఉన్నారు.

ఇక తాడు. మీ ఉత్తరంలోనే ఉంది జవాబు. ముడి ఊడిందని మీరు రాయలేదు, తాడు తెంపుకుందని రాశారు. అంటే ముడి గట్టిగానే పడింది. బెదిరినప్పుడు పరుగెత్తడమే గుర్రానికి దేవుడిచ్చిన రక్షణ. దానికి కొమ్ముల్లేవు, ఎదురుతిరిగి నిలబడే స్వభావం లేదు. మూడొందల కిలోల పైబడిన జీవి అలా గుంజినప్పుడు తాడు తెగకపోతే ఏమవుతుందో నేను చూశాను. మెడ పట్టేస్తుంది, కాళ్లు జారి అక్కడే పడిపోతుంది, ఒక్కోసారి ఇక లేవదు. అందుకే గుర్రాల పని బాగా తెలిసినవాళ్లు కొక్కేనికీ తాడుకీ మధ్య కావాలనే ఒక పురికొస ముక్క కడతారు, బెదిరితే అది తెగాలని. ఆ రోజు మీ తాడు తెగడమే మంచిదైంది. కంచె అక్కడుండటం మీ చేతిలో లేదు. పదకొండో రోజున, ఆ మనస్థితిలో, గుర్రాన్ని జనానికి దూరంగా నీడపట్టున కట్టాలన్న ఆలోచన మీకొక్కరికే వచ్చింది. ఆ మాట కూడా మర్చిపోకండి.

గాయం సంగతికొద్దాం. గుర్రానికి ఒంటి మీద ఎక్కడ దెబ్బ తగిలినా మానుతుంది గానీ, మోకాళ్ల కింద తగిలితే మాత్రం వైద్యుడికైనా పరీక్షే. అక్కడ కండ ఉండదు. చర్మం తీస్తే తాళ్లలాంటి స్నాయువులు, ఎముక, అంతే. రక్తప్రసారం తక్కువ, కదలిక ఎక్కువ. అలాంటి చోట చర్మం లేచిపోతే కుట్లు నిలవకపోవడం మామూలే, అందులో కాంపౌండరుగారి తప్పు వెతకనక్కర్లేదు. ఆ ఉబ్బిన ఎర్ర మాంసం కుళ్లు కాదు, పుండు పెద్దదవడమూ కాదు. గుంట పూడ్చడానికి ఒళ్లు పంపిన కొత్త మాంసమే అది. చర్మం మట్టానికి వచ్చి ఆగాలి. గుర్రం కాలి మీద అది ఆగదు, పైకి పొంగుతుంది. పక్కల నుంచి కొత్త చర్మం సన్నగా పాకుతూ వచ్చి ఆ గట్టు ఎక్కలేక అక్కడే నిలిచిపోతుంది. మీరు వెలుతురులో చూస్తే గాయం అంచున గులాబీ రంగులో, కాస్త మెరుస్తూ, నూలుపోగంత అంచు కనపడుతుంది. అదే కొత్త చర్మం. దాన్ని కాపాడుకోవాలి. కాలి మీద అది సుమారుగా రోజుకి మిల్లీమీటరులో పదో వంతు జరుగుతుంది. కాబట్టి నెలలు పడుతుంది, వారాల్లో తేలేది కాదు.

ఇప్పుడు మైలుతుత్తం ఏం చేసిందో చూడండి. ఆ పొంగిన మాంసంలో రక్తనాళాలు నిండా ఉంటాయి గానీ నొప్పి తెలిసే నరాలుండవు. మరి ముత్యం ఎందుకు వణికింది? పొడి అంచుల మీద కూడా పడింది గనక. ఆ నూలుపోగంత కొత్త చర్మాన్ని అది కాల్చేసింది. తెలియక చేశారు, రెండుసార్లతో ఆగారు, అంతవరకు నయం. సున్నం కూడా అంతే, వద్దు. స్పిరిటు, హైడ్రోజన్ పెరాక్సైడు, ఇంజనాయిలు, ఎవరెంత ప్రేమగా తెచ్చిచ్చినా ఒద్దనండి.

చేయాల్సింది ఇది. 1962కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో 2022 నుంచి పశువుల అంబులెన్సు ఆ నంబరుకి వస్తోంది, డబ్బు తీసుకోరు. వచ్చిన డాక్టరుగారికి ఎముక కనపడిందన్న మాట తప్పకుండా చెప్పండి. ఎముక పైపొర ఎండిపోతే చిన్న పెళ్లు చచ్చి లోపలే ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం గాయం పైకి మానినట్టే మాని ఒక చిల్లులోంచి చీము కారుతూ ఉంటుంది, వాసనొస్తుంది. అలా ఉంటే ఎక్స్‌రే తీయాల్సిందే. కృష్ణా జిల్లా గన్నవరంలోని పశువైద్య కళాశాలకి తీసుకెళ్లమని నా సలహా, మన పి.గన్నవరం అనుకునేరు. పొంగిన మాంసాన్ని వాళ్లు కత్తితో చర్మం మట్టానికి చెక్కేస్తారు. నొప్పి ఉండదు, నెత్తురు మాత్రం చాలా పోతున్నట్టుంటుంది, మీరు కంగారుపడకండి. బిగువు కట్టుతో ఆగిపోతుంది. మళ్లీ పొంగితే మళ్లీ చెక్కాలి.

ధనుర్వాతం సూది వేశారో లేదో మీరు రాయలేదు. ఇది అడగకుండా వదలను. ఇనుప కంచె, పేడ, తడి మట్టి, మూడూ కలిసిన గాయమిది, పైగా ధనుర్వాతం గుర్రానికి సోకినంత తేలిగ్గా మరే పశువుకీ సోకదు. ఇంతకుముందెప్పుడూ వేయించకపోతే ఒక్క సూది చాలదు, నాలుగు వారాలకి రెండోది పడాలి, ఆపైన ఏటా. ఈలోగా నడక కర్రలా బిగుసుకుపోయినా, నమలలేకపోయినా, కంటి మూల నుంచి తెల్లపొర అడ్డంగా పైకొచ్చినా ఆ క్షణమే డాక్టరుకి చెప్పాలి, తెల్లారేదాకా ఆగకూడదు. డైక్లోఫెనాక్ మాత్రం ఇంకెప్పుడూ వద్దు. పశువులకి వాడటం 2006లోనే మన దేశంలో నిషేధించారు. ఆ మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. నొప్పికి గుర్రానికి సరిపడే మందులు వేరే ఉన్నాయి. అవి కూడా బరువు లెక్కన, డాక్టరు చెప్పినన్ని రోజులే. ఎక్కువైతే కడుపులో పుండ్లు పడతాయి.

రోజూ కట్టు మార్చే పద్ధతి చెప్తాను. లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి 9 గ్రాముల ఉప్పు కలపండి, అంటే ఒకటిన్నర టీచెంచా పొడుప్పు. పాత కట్టు అంటుకుపోతే లాగకండి, ఆ నీళ్లతోనే నానబెట్టి తీయండి. గాయం కడిగి, చుట్టూ మెత్తటి గుడ్డతో అద్దండి. అంటుకోని రకం గాజుగుడ్డ (మెడికల్ షాపులో పారాఫిన్ గాజు అంటే ఇస్తారు) పరిచి, మీద దూది రోలు అంగుళం మందాన చుట్టండి. దూది పలచనైతే పైకట్టు కాలిని కోసేస్తుంది. ఆపైన క్రేప్ బ్యాండేజీ. ప్రతి చుట్టూ కింది చుట్టుని సగం కప్పాలి, బిగువు అన్ని చోట్లా ఒకటే ఉండాలి. గిట్ట పై అంచు దగ్గర మొదలుపెట్టి మోకాలి కింద దాకా రండి. పూర్తయ్యాక పై అంచున మీ వేలు ఒకటి కష్టమ్మీద దూరాలి. ఊడిపోతుందని పైన పురికొస బిగించకండి. నేను సర్వీసులో చూసిన కాళ్లలో గాయం వల్ల పోయినవాటికంటే పురికొస బిగించి పోగొట్టినవి తక్కువేం కాదు, ఇది చెప్పడానికి ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది.

పాకలో కింద తడి ఉండకూడదు. ఊక దుమ్ము గాయంలో పడుతుంది, వద్దు. మీ వైపు కొబ్బరిపీచు పొట్టుకి కొదవ లేదు కదా, ఎండిన పొట్టు జానెడు మందాన పరవండి. తడి బాగా పీలుస్తుంది, కాలికి మెత్తగా ఉంటుంది.

ఉలవలు సగం వదిలేస్తోందని దిగులుపడ్డారు. అమ్మా, అది బెంగ అయినా కాకపోయినా, సగం తినడమే దానికి మంచిది. ఊరేగింపులకి నడిచే గుర్రానికి వేసే ఉలవలు, తవుడు నిలబడి ఉన్న గుర్రానికి వేస్తే ఒంటికి చేటు చేస్తాయి. పాత రోజుల్లో జట్కా గుర్రానికి ఒక రోజు సెలవిచ్చి దాణా తగ్గించకుండా పెట్టి, మర్నాడు బండి కడితే దార్లోనే కండరాలు బిగిసి నిలబడిపోయేది. మీరు పెట్టేదాంట్లో మూడో వంతు చాలు, ఉడకబెట్టి. ఒక్కరోజులో కోసేయకుండా వారం పది రోజుల్లో మెల్లగా తగ్గించండి. దానికి బదులు గరిక పెట్టండి. పొలం గట్ల మీద, కాలవ గట్ల మీద దొరికే గరిక కంటే గుర్రానికి ఇష్టమైన మేత మన గోదావరి జిల్లాల్లో మరొకటి లేదు. సార్వా కోతలయ్యాయి గనక కొత్త వరిగడ్డి ఇంటినిండా ఉంటుంది. సరిగ్గా ఎండకుండా వామేసిన గడ్డి బూజు పడుతుంది, అలాంటిది ఒక్క పరక కూడా వేయకండి. గుర్రం వాంతి చేసుకోలేదు. లోపలికెళ్లిన చెడు బయటికి రావడానికి దానికి వేరే దారి లేదు. నీళ్లు రోజుకి పాతిక ముప్ఫై లీటర్లు తాగుతోందో లేదో బకెట్లు లెక్కపెట్టి రాసుకోండి.

నాకు నిజంగా ఆందోళన కలిగించింది పడుకోవడం లేదన్న మాట. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది గానీ, గాఢనిద్ర పోవాలంటే పడుకోవాల్సిందే, రోజుకి ఓ అరగంటయినా. ముత్యం పడుకోకపోవడానికి కారణం కాలినొప్పి కావచ్చు, లేవలేనేమోనన్న భయం. లేదా రాత్రిపూట పాకలో ఒంటరితనం కావచ్చు. గుర్రం మందలో బతికే జీవి, తోటిది ఒకటి మేలుకుని కాపలా ఉంటేనే ఒళ్లు మరిచి పడుకుంటుంది. ఇన్నాళ్లూ ఆ తోడు మీ ఆయనే అయ్యుంటారు. ఒక మేకపిల్లనైనా తెచ్చి పాకలో కట్టండి. ఇంకొకటి: ఎడమ కాలు ఎత్తిపెట్టుకుని నెలకి పైగా బరువంతా కుడి కాలి మీదే మోస్తోంది. రోజూ రెండు పూటలా కుడి గిట్ట మీద అరచెయ్యి వేసి చూడండి. ముందుకాళ్ల గిట్టల కంటే వేడిగా ఉన్నా, గిట్ట పైన కీలు వెనక పక్కన వేలు పెడితే నాడి కొట్టుకోవడం గట్టిగా తగిలినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. దెబ్బ తగిలిన కాలు బాగై, మోసిన కాలు పోయిన గుర్రాలు చాలా ఉన్నాయి. జ్వరం 101 డిగ్రీల ఫారన్‌హీట్ దాటకూడదు. నిలకడగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. దవడ ఎముక కింది అంచున వేలు పెట్టి చూడటం డాక్టరుగారి దగ్గర నేర్చుకోండి.

చొక్కా వేసుకోండి. అందులో తప్పేముంది? గుర్రం మనిషిని వాసనతో, గొంతుతో, మొహంతో గుర్తుపడుతుంది. ఆ వాసన దానికి ధైర్యం. కానీ అది కొన్నాళ్లకి పోతుంది. పోయేలోగా దానికి మీ గొంతు అలవాటు కావాలి. పాకలోకి అడుగుపెట్టేటప్పుడు రోజూ ఒకే మాట అనండి. మీ ఆయన ఏమని పిలిచేవారో అదే అనండి, మీ గొంతుతో. టీవీఎస్ చప్పుడుకి సకిలిస్తే పేరు పెట్టి పలకండి, ఊరుకోమని కసరకండి.

ఏడుస్తూ కట్టు కట్టొచ్చా అని అడిగారు. ఇంగ్లండులో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో గుర్రాలకి మనుషుల ఫొటోలు చూపించి గమనించారు. కోపంగా ఉన్న మొహం చూస్తే వాటి గుండె వేగం చప్పున పెరిగింది. కోపం దానికి పడదు, చేతులు విసురుగా ఆడితే పడదు. నెమ్మదిగా కారే కన్నీళ్లకి గుర్రం బెదిరిపోవడం నా అనుభవంలో నేను చూడలేదు.

నా అనుభవం అన్నాను గనక ఒక సంగతి చెప్తాను. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి కోనసీమ వాళ్లకి నేను చెప్పేదేముంది. ఆ రాత్రే మా నాన్నగారు పోయారు, పెంకుటింటి గోడ కూలి. నేను ఉద్యోగం చేసే ఊరికీ మా ఊరికీ మధ్య రోడ్డు నిండా కొబ్బరిచెట్లు పడి ఉన్నాయి. నడుచుకుంటూ మూడో రోజుకి చేరేసరికి దహనం అయిపోయింది. దినాలు పూర్తికాకుండానే తిరిగి డ్యూటీకి వచ్చేశాను. ఎటు చూసినా కళేబరాలు పూడ్పించే పని. ముమ్మిడివరం వైపు ఒక పెద్దాయన దగ్గర జట్కా గుర్రం ఉండేది, అప్పటికే జట్కాలు దాదాపు పోయాయి. ఎగిరొచ్చిన రేకు దాని ముందుకాలు పైన కోసేసింది. రోజూ పొద్దున్నే ఆరింటికి వెళ్లి నేనే కడిగి కట్టు కట్టేదాన్ని. నిజానికి కాంపౌండరుని పంపితే సరిపోయేది. నాకు ఎక్కడికో అక్కడికి వెళ్లి చేతులతో ఏదో ఒకటి చేయాలనిపించేది.

ఆ పెద్దాయనకి ఇల్లు కూడా మిగల్లేదు, తాటాకుల కింద ఉండేవాడు. మా నాన్న పోయిన సంగతి ఆయనకి తెలుసు, ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. తాడు పట్టుకుని నిలబడేవాడు. ఆ తాడు ఆయన చేతిలో ఎప్పుడూ వదులుగానే ఉండేది. గుర్రం పొట్ట వైపు చూస్తూ, అది బిగబట్టిన ఊపిరి వదిలాక, ‘ఇప్పుడు కానీండమ్మా’ అనేవాడు. అప్పుడే నేను గాయం ముట్టుకునేదాన్ని. ఒకరోజు పని మధ్యలో గుర్రం భుజానికి నుదురు ఆనించి నేను ఏడ్చేశాను. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు గానీ తాడు వదల్లేదు. చాలాసేపటికి మళ్లీ అదే మాట, అదే గొంతుతో: ‘ఇప్పుడు కానీండమ్మా.’

అందుకే అంటున్నాను, ఇది ఇద్దరు చేసే పని. మీ అబ్బాయిని పిలవండి. వాడు పాక వైపు చూడడం లేదంటే ఇష్టం లేక కాదని మీకూ తెలుసు. గాయం చూపించకండి, కట్టు కట్టమనకండి. తాడు పట్టుకోమనండి, చాలు. ‘నాకొక్కదానికి కావడం లేదురా’ అనండి, అది నిజమే కదా. వాణ్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్తాను. మీరు గుర్రానికి ఎడమ పక్క ఉంటే వాడూ ఎడమ పక్కే, తల దగ్గర భుజం పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు. గుర్రం కదిలితే తలని తన వైపు తిప్పుకోవాలి. తల ఇటు వస్తే వెనక భాగం మీకు దూరంగా అటు జరుగుతుంది. తాడు చేతికి చుట్టుకోకూడదు. మీరు వెనక్కి వెళ్లేటప్పుడు అరచెయ్యి దాని వీపు మీద నుంచి తీయకుండా రాసుకుంటూ వెళ్లండి, మీరెక్కడున్నారో దానికి తెలుస్తుంది. ఎప్పుడూ కూర్చోకండి, మోకాళ్లు మడిచి వంగండి చాలు, లేచి తప్పుకోగలగాలి. సమయం పగలు, రోజూ ఒకే వేళ.

మీ ఆడపడుచుగారికి అన్న పోయారు, ఆవిడ దుఃఖం ఆవిడది. కానీ సుడి విషయంలో నేను ఒప్పుకోను. సుడి అంటే వెంట్రుకలు తిరిగిన తీరు, అంతే. అది లేని గుర్రం ఉండదు. వేలిముద్రలా ఒక్కోదానికి ఒక్కోచోట ఉంటుంది గనక గుర్రాలని గుర్తుపట్టడానికి కాగితాల్లో రాసుకునే గుర్తు అది. మీ ఆయన ఇన్నేళ్లూ ఆ సుడి ఉన్న గుర్రంతోనే మీ ఇల్లు నడిపారు. గడప దాటకూడదంటే పాక మీ ఇంట్లో భాగమే, గడప లోపలే. ఈ ముక్క ఆవిడకి చదివి వినిపించండి, పశువుల డాక్టరమ్మ చెప్పిందనండి.

అమ్మడం అమ్మకపోవడం మీ ఇష్టం. ఆ గుర్రంతో వచ్చే డబ్బు, దానికయ్యే ఖర్చు మీకే తెలుసు. కానీ ఈ కాలుతో ఇప్పుడు అమ్మితే కొనేవాడు ఎందుకు కొంటాడో ఆలోచించండి. కాలు మానేదాకా ఆ మాట పక్కన పెట్టండి.

ఈ జవాబు అచ్చుకి ముందే పోస్టులో పంపాను. మూడు వారాలకి ఆమె దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరం ఇది:

“అమ్మగారూ, 1962 వాళ్లు వచ్చారండి. గన్నవరం వెళ్లాం. ఎక్స్‌రేలో గోరంత ఎముక పెళ్లు కనపడింది, తీసేశారు. మాంసం చెక్కారు. ధనుర్వాతం సూది అసలు వేయలేదట, ఇప్పుడు మొదలుపెట్టారు. మావాడు తాడు పట్టుకుంటున్నాడు. మొదటిరోజు కళ్లు మూసుకునే నిలబడ్డాడు. నాతో ఇప్పటికీ పెద్దగా మాట్లాడడు గానీ దానితో మాట్లాడుతున్నాడు, వాళ్ల నాన్న అన్నట్టే ‘ముత్తెమా’ అంటాడు. మొన్న తెల్లవారుజామున ‘అమ్మా, ముత్తెం పడుకుంది, గురక పెడుతోంది’ అని పరుగెత్తుకొచ్చి లేపాడు. మేకపిల్ల దాని పొట్టకి ఆనుకుని ఉంది. ఇద్దరం తలుపు దగ్గరే కూర్చున్నాం.

మాఘమాసంలో మూడు పెళ్లిళ్లకి మా ఆయన అడ్వాన్సు తీసుకున్నారు. ఒకరు ‘కుంటినా పర్లేదు, ఫొటోకి నిలబడితే చాలు’ అంటున్నారు. ఇవ్వకపోతే ఆయన మాట తప్పినట్టవుతుందేమోనని ఉంది. ఏం చేయమంటారు?”

పంపకండి. మీ ఆయన మాట ఇచ్చింది బాగా నడిచే గుర్రాన్ని పంపుతానని. బ్యాండు మేళం, బాణసంచా, డీజే, మీద పెళ్లికొడుకు బరువు. నొప్పి కాలుతో ఉన్నది, ఒకసారి చప్పుడుకి బెదిరి దెబ్బతిన్నది అలాంటి చోట ఏం చేస్తుందో ఎవరూ పూచీ పడలేరు. ఆయనతోపాటు ఇదే పని చేసినవాళ్లు రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉంటారు. అడ్వాన్సు డబ్బు వాళ్లకిచ్చి ఆ మూడు పెళ్లిళ్లూ వాళ్ల గుర్రాలని పంపమనండి. పెళ్లివారికి గుర్రం వస్తుంది, మాటా నిలుస్తుంది.

గన్నవరం డాక్టర్లు సరేనన్నాక నడిపించడం మొదలుపెట్టండి. మెత్తటి నేల మీద, చేత్తో పట్టుకుని, మొదటి వారం రోజుకి ఐదు నిమిషాలు, రెండు పూటలా. ప్రతి వారం మరో ఐదు నిమిషాలు. మర్నాడు కాలు వాచినా కుంటు పెరిగినా వెనకటి వారం లెక్కకి వెళ్లిపోండి. మానిన చోట వెంట్రుకలు రాకపోవచ్చు, వచ్చినా తెల్లగా వస్తాయి. ముత్యం తెల్లదే గనక ఆ తెలుపు తేడాగా కనపడదు.

చప్పుడు భయం మాత్రం కాలు మానినా పోదు. ఆ పని మీ అబ్బాయికి అప్పగించండి. ముత్యం గరిక తినేటప్పుడు వాణ్ని పెరటి చివర నిలబడి గరిటెతో స్టీలు పళ్లెం మీద మెల్లగా కొట్టమనండి, రెండు దెబ్బలు, అంతే. అది నములుతూ తల ఎత్తకపోతే మర్నాడు రెండడుగులు ముందుకి. తల ఎత్తి చెవులు నిక్కిస్తే నాలుగడుగులు వెనక్కి. పళ్లెం అలవాటయ్యాక బకెట్టు, ఆ తర్వాత బిందె. గుండిగ అన్నిటికంటే ఆఖర్న తీయమనండి.